అడవి టర్కీకి రూబార్బ్ పులుపు

ప్రశ్న: మేం అమెరికాలో, మిస్సోరిలో ఉంటాం. పక్కింటాయన ఏప్రిల్ వేటలో కొట్టిన అడవి టర్కీ కాళ్లు, రొమ్ము మాంసం ఇచ్చారు. కోడికూరలా వండేయొచ్చా? ఇక్కడ ఈ సీజన్‌లో దొరికేవాటితో ఏదైనా చెప్పండి.
– ఓ పాఠకురాలు

జవాబు: కోడికూరలా మాత్రం వద్దండీ. ఈ పక్షి రోజంతా నడుస్తూ, గింజలూ పురుగులూ ఏరుకు తిని బతుకుతుంది కాబట్టి కొవ్వు తక్కువ, కాళ్లలో నరాలు గట్టి, రెండూ ఒకే గిన్నెలో వేస్తే రొమ్ము ఎండిపోతుంది, కాళ్లు ఉడకవు. ముందు మాంసాన్ని వేళ్లతో తడిమి తూటా రవ్వలుంటే తీసేయండి.

కాళ్లకు ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, కారం, ధనియాల పొడి వేయించి, మునిగేలా నీళ్లు పోసి, సన్నసెగ మీద ఎముక నుంచి ఊడొచ్చేదాకా ఉంచండి. మూడు గంటలైనా పడుతుంది. పుల్లల్లాంటి నరాలు లాగేసి, అప్పుడు రూబార్బ్ (ఇక్కడ వసంతంలో దొరికే పుల్లటి ఎర్ర కాడల కూర) కాడలు అంగుళం ముక్కలుగా కోసి వేయండి. పది నిమిషాల్లో కరిగి, ఎర్రగా, గోంగూర మాంసానికి దగ్గరి పులుపు వస్తుంది, నాకైతే ఇదే ఇష్టం. రూబార్బ్ ఆకులు మాత్రం విషం, ఒక్కటీ పడనివ్వకండి.

రొమ్మును పీచుకు అడ్డంగా పలచగా కోసి, పెరుగు, ఉప్పు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఆస్పరాగస్ అనే లేత పచ్చ కాడల కూరతో కలిపి పెద్ద మంట మీద మిరియాల వేపుడు చేయండి. థర్మామీటరు 74 డిగ్రీల సెల్సియస్ చూపగానే దించేయాలి. ఈ సీజన్‌లో అడవిలో మొలిచే మోరెల్ పుట్టగొడుగులు కూడా వేసుకోవచ్చు, కానీ వాటిని గుర్తుపట్టడం బాగా తెలిసినవాళ్లు ఏరినవైతేనే వాడండి, అవీ బాగా ఉడికించాకే.