పేరున్న బాస్ కింద చిన్న వయసు సీఎఫ్ఓ నిలబడగలడా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: తిరుపతిలో ఉంటున్న 34 ఏళ్ల సీఏ మీరు. చిత్తూరు వైపు ఒక ఫుడ్ ప్రాసెసింగ్ కంపెనీ మిమ్మల్ని సీఎఫ్ఓగా, అంటే ఆర్థిక వ్యవహారాలన్నీ చూసే పెద్దగా, రమ్మంటోంది. పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ, షేర్లు మొదటిసారి జనానికి అమ్మే ఐపీఓ ఆలోచన కూడా ఉంది. ఛైర్మన్ జిల్లా అంతా తెలిసిన మనిషి, టీవీల్లోనూ సభల్లోనూ తరచూ మాట్లాడతారు. టెస్లాలో ఎలాన్ మస్క్ కింద మీ వయసులోనే సీఎఫ్ఓ అయిన జాక్ కిర్క్‌హార్న్ గురించి చదివారు. అలాంటి చోట చిన్నవాడు నెగ్గుకు రాగలడా అని అడిగారు.

రాగలరు. ఇంచుమించు మీ వయసులోనే నేనూ ఒక మామిడి గుజ్జు కంపెనీలో ఆ కుర్చీలో కూర్చున్నాను. మా ఛైర్మన్ గారు కూడా మైకు కనిపిస్తే మాట ఇచ్చేసే మనిషి. వయసు గురించి ఎక్కువ ఆలోచించకండి. ఆయన మాట బయటికి వెళ్లేలోపు మీ లెక్క ఆయన చేతికి చేరుతుందా? మీరు తేల్చుకోవాల్సింది అదొక్కటే.

మీరు చెప్పిన టెస్లానే చూడండి. 2018 ఆగస్టు 7న మస్క్, షేరు 420 డాలర్ల చొప్పున షేర్లు కొనేసి కంపెనీని స్టాక్ మార్కెట్ నుంచి తప్పించి ప్రైవేటు చేయాలనుకుంటున్నానని, నిధులు ఖాయమయ్యాయని ట్వీట్ పెట్టారు. నిధులు అంత ఖాయంగా ఏమీ లేవని అక్కడి మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ కేసు వేసింది. మస్క్ 2 కోట్ల డాలర్లు, కంపెనీ ఇంకో 2 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడ్డారు, ఆయన ఛైర్మన్ పదవి కూడా వదులుకున్నారు. ఆ ట్వీట్‌కు ముందు రోజే అక్కడ చీఫ్ అకౌంటింగ్ ఆఫీసర్‌గా చేరిన డేవ్ మోర్టన్ కొత్తవాడేం కాదు, హార్డ్ డిస్కుల కంపెనీ సీగేట్‌లో సీఎఫ్ఓగా చేసి వచ్చినవాడు. అయినా నెల తిరిగేసరికి రాజీనామా చేశారు. కంపెనీ మీద జనం దృష్టి, పని వేగం తాను ఊహించినదాని కన్నా ఎక్కువగా ఉన్నాయన్నారు. కిర్క్‌హార్న్ 2010లోనే టెస్లాలో చేరినవాడు. ఫ్యాక్టరీలో ఖర్చు ఎక్కడ పుడుతుందో, యజమాని ఎప్పుడు ఎలా మాట్లాడతారో రెండూ తెలుసు. 2019లో సీఎఫ్ఓ అయినప్పుడు మొదటి త్రైమాసికంలోనే 70 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. 2020లో కంపెనీ మొదటిసారి ఏడాది మొత్తానికి లాభం చూపించింది. 2023 ఆగస్టు దాకా ఆయన నిలబడ్డారు. ఆ తర్వాత ఆ సీట్లోకి వచ్చిన వైభవ్ తనేజా మన దేశంలో సీఏ చేసినవారే.

ఇక మన పక్క సంగతి. జూన్, జులైలో తోతాపురి సీజన్ మీదుంటే గేటు బయట ట్రాక్టర్లు ఎలా బారులు తీరతాయో మీకు చెప్పనక్కర్లేదు. అలాంటి ఒక రోజు మా ఛైర్మన్ గారు రైతుల సమావేశానికి బయలుదేరుతున్నారు. పక్క ఫ్యాక్టరీల కన్నా కిలోకు రూపాయి ఎక్కువ ఇస్తామని, వారంలో డబ్బు వేస్తామని చెప్పాలన్నది ఆయన ఉద్దేశం. "గోడౌన్ నిండా సరుకుంది, బ్యాంకు ఎందుకివ్వదు?" అన్నారు.

చాలామంది యజమానులు ఇక్కడే పొరబడతారు. గోడౌన్‌లో 40 కోట్ల గుజ్జు ఉందనుకోండి. అందులో 22 కోట్లు ఇంకా రైతులకు బాకీ. బ్యాంకు ఆ బాకీ తీసేసి 18 కోట్లే లెక్కలోకి తీసుకుంటుంది. దాని మీద 25 శాతం మార్జిన్, అంటే బ్యాంకు అప్పివ్వకుండా వదిలేసే వాటా, పోతే డ్రాయింగ్ పవర్, అంటే బ్యాంకు నుంచి తీసుకోగలిగే అప్పు, 13.5 కోట్లు. రేటు పెంచి అప్పుకు కొంటే సరుకు విలువ ఎంత పెరుగుతుందో బాకీ కూడా అంతే పెరుగుతుంది. కొత్తగా చేతికి వచ్చేది సున్నా. ఈ లెక్క ఒకే కాగితం మీద వేసి, ఏ తేదీన ఏ ఎగుమతి డబ్బు వస్తుందో కింద రాసి, కారు దగ్గర ఆయన చేతికిచ్చాను. నిలబడే చదివారు. "అయితే ఏం చెప్పమంటావు?" అన్నారు. "రేటు చెప్పండి సార్, డబ్బు మాత్రం రెండు విడతలనండి" అన్నాను. సభలో అలాగే చెప్పారు. రైతులు కొంచెం గొణిగారు, కానీ చెప్పిన తేదీలకు రెండు విడతలూ పడ్డాయి. ఆ తర్వాత నుంచి ఏ సభకు వెళ్లాలన్నా ముందు కాగితం అడిగేవారు.

ఆ రోజు నేను ఉత్తినే కుదరదని చెప్పి ఊరుకుని ఉంటే, ఆయన అనుకున్నదే చెప్పి వచ్చేవారు. పదిమంది ముందు చెప్పినా అంతే. పేరున్న మనిషికి జనంలో మాట పోవడం కన్నా పెద్ద భయం ఉండదు. ఆయన మాట నిలబెట్టడానికే మీరున్నారని ఆయనకు నమ్మకం కలగాలి. యాజమాన్యానికి ఇచ్చే నలభై పేజీల లెక్కల రిపోర్టుతో (ఎంఐఎస్) అది రాదు, ఆయన దాన్ని తెరవరు కూడా. 2025లో మన దగ్గర తోతాపురి ధర కుప్పకూలి, ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలని నిర్ణయించాల్సి వచ్చింది కదా. అలాంటి ఏడాదిలో వేదిక మీద ఒక్క వాక్యం కోట్ల మీదికి వస్తుంది.

అయితే ఇదంతా ఆయన నిజమైన లెక్క వినే మనిషి అయితేనే. లెక్కనే మార్చమంటే అక్కడ ఉండకండి. సత్యం కంప్యూటర్స్ మన తెలుగువాళ్లు మరిచిపోయేది కాదు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన డబ్బులో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. 2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో ఆ కంపెనీ సీఎఫ్ఓ కూడా ఉన్నారు. తర్వాత అప్పీలుకు వెళ్లారు, అది వేరే సంగతి. అందుకే చేరిన మొదటి రోజే అన్ని బ్యాంకు ఖాతాలకూ నెట్ బ్యాంకింగ్‌లో చూసే అనుమతి అడగండి. ఎవరో ప్రింటు తీసి ఇచ్చిన స్టేట్‌మెంట్ మీద ఆధారపడకండి. అది ఇవ్వడానికి నసిగితే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

మీకంటే ముందు అక్కడ పనిచేసిన ఫైనాన్స్ హెడ్‌ని తప్పకుండా కలవండి. తిరుపతిలో సీఏల లోకం చిన్నది, సెమినార్లలో అందరూ ఎదురుపడేవాళ్లే. ఎందుకు మానేశారని అడిగితే మర్యాదకు ఏదో చెబుతారు. ఛైర్మన్ గారికి చేదు వార్త చెప్పాలంటే ఎవరి ద్వారా చెప్పేవారని అడగండి. తమ్ముడి ద్వారా, అల్లుడి ద్వారా అంటే మీరు జీతం ఎంత అడిగినా తక్కువే.

ఏప్రిల్‌లో చేరమంటున్నారని రాశారు. ఒక్కటి చూసుకోండి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 134 ప్రకారం సీఎఫ్ఓ ఉన్న కంపెనీలో ఆర్థిక నివేదికల మీద ఆయన సంతకం కూడా ఉండాలి. ఏప్రిల్‌లో చేరితే మార్చితో ముగిసిన ఏడాది లెక్కల మీద, అంటే మీరు ఒక్క రోజు కూడా చూడని ఏడాది మీద, సంతకం మీదే అవుతుంది. కాబట్టి ఒప్పుకునే ముందే ఆడిటర్‌తో ఒక పూట కూర్చునే అవకాశం, ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టీ), మార్చి 31 నాటి సరుకు లెక్క అడగండి. గోడౌన్‌కి మీరే వెళ్లి డ్రమ్ముల మీద బ్యాచ్ తేదీలు చూసుకోండి. రెండు సీజన్ల నాటి గుజ్జు ఇంకా కొత్త రేటుకే లెక్కలో ఉంటే, ఆ విలువ తగ్గించాకే సంతకం పెడతానని ఇప్పుడే ఛైర్మన్ గారికి చెప్పండి.