పిల్లలకు అగ్నిపర్వతాలు, రాళ్లు, నేలకోత ఎలా చెప్పాలి?

ఎనిమిదేళ్ల బాబుకి ఈ మూడూ అర్థమయ్యేలా ఎలా చెప్పాలని అడిగారు. మా పాపకి ఆ వయసులో నేనూ అందరిలాగే మట్టి కొండ చేసి, వంటసోడా మీద వెనిగర్ పోసి నురగ పొంగించాను. చూడ్డానికి బాగానే ఉంది. మర్నాడు "అగ్నిపర్వతంలో వెనిగర్ ఎవరు పోస్తారు?" అంది. తప్పు నాదే.

ఆ తర్వాత సోడా సీసా పట్టుకున్నాను. మూత బిగించి ఉన్నంతసేపు బుడగలు పెద్దగా కనబడవు. కాస్త తిప్పితే చాలు, బుస్సుమని పైకి తన్నుకొస్తాయి. భూమి లోపల కరిగిన రాతిలో కూడా నీటి ఆవిరి, ఇతర వాయువులు అలాగే కలిసిపోయి ఉంటాయి. అది పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, బుడగలు పుట్టి, మొత్తాన్ని బయటికి తోస్తాయి. అన్నట్టు, భూమి లోపలంతా లావా సలసలా కాగుతుంటుందని మాత్రం చెప్పకండి. పైపొర కింద ఉండే మాంటిల్ చాలామటుకు గట్టి రాయే, అక్కడక్కడ కొంత కరుగుతుంది. నేనూ చాలా ఏళ్లు తప్పుగానే అనుకున్నాను.

రాళ్లకి భూతద్దం ఉంటే చాలు. విరిగిన గ్రానైట్ ముక్క అంచు చూపించండి. గాజులా మెరిసేది క్వార్ట్జ్, తెల్లగానో గులాబీ రంగులోనో ఉండేది ఫెల్డ్‌స్పార్, నల్లటి రేకులు మైకా. లోతున చాలా నెమ్మదిగా చల్లారింది కాబట్టి గింజలు అంత పెద్దవయ్యాయి. బయటికొచ్చిన లావా త్వరగా చల్లారుతుంది, అందుకే అలా ఏర్పడే బసాల్ట్ అనే నల్లరాయిలో చాలా గింజలు కంటికి ఆనవు. ప్యూమిస్ అయితే నురగ నురగగానే గడ్డకట్టిన రాయి. బకెట్ నీళ్లలో వేస్తే తేలింది. సోడా బుడగల సంగతి పాపకి నిజంగా ఎక్కింది అప్పుడే.

నేలకోతకి ఇసుక కుప్ప మీద నాలుగు నాణేలు పెట్టి, పైనుంచి సన్నగా నీళ్లు చల్లాం. చుట్టూ ఇసుక జారిపోయింది, నాణేల కింద మాత్రం చిన్న స్తంభాల్లా నిలబడింది. "గొడుగులు వేసుకున్నాయి" అంది.

అప్పుడు సుర్ట్‌సే కథ చెప్పాను. 1963 నవంబరులో ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలోంచి లేచిన దీవి అది. 1967లో విస్ఫోటనం ఆగేసరికి 2.7 చదరపు కిలోమీటర్లుండేది. అలలు ఇప్పటికే సగం దాకా తినేశాయి. వదులుగా ఉన్న బూడిద తొందరగా కొట్టుకుపోయింది, గట్టి లావా ఉన్నచోట కోత నెమ్మది.

"మరి ఆ సగం ఎక్కడికెళ్లింది?" అని అడిగింది. సముద్రం అడుగున పేరుకునే మట్టి, ఇసుక మళ్లీ రాళ్లయ్యే పాఠం అక్కణ్నుంచే ఎత్తుకున్నాను.