అల్లుడూ, ఆ పెట్టెకి నీళ్ళు తగ్గించు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హ్యూస్టన్‌లో కొత్త ఇంట్లో దిగావని, వచ్చీ రాగానే హ్యూమిడార్, అదే సిగార్లు ఎండిపోకుండా తేమలో దాచే చెక్కపెట్టె, కొన్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషంగా మాత్రం చెప్పలేదు. పొగ మానెయ్యమని నేనూ అనొచ్చు, కానీ టాంపాలో కూర్చుని సిగార్లు కాలుస్తూ ఆ మాటంటే నువ్వే నవ్వుతావు. ఎప్పుడో ఒకటి చాలు, అలవాటు చేసుకోకు. ఇక అసలు సంగతికి వస్తాను.

కొత్తగా హ్యూమిడార్ కొన్నవాళ్ళందరికీ ఒకటే టెన్షన్, సిగార్లు ఎండిపోతాయేమోనని. అందుకే నీళ్ళు పోస్తూనే ఉంటారు. ఎండిన సిగార్‌కి కొన్ని వారాలపాటు మెల్లగా తేమ పట్టిస్తే చాలావరకు దారికొస్తుంది. బూజు లోపలికి దిగిన సిగార్ మాత్రం చెత్తబుట్టకే. అందుకని ఎటో ఒకవైపు తప్పాల్సి వస్తే పొడి వైపే మేలు. 70 డిగ్రీల ఫారెన్‌హీట్, 70 శాతం తేమ అని అందరూ వల్లిస్తుంటారు. మనలా మెక్సికో గల్ఫ్ తీరంలో ఉండేవాళ్ళకి అది కాస్త ఎక్కువే. నువ్వు తేమ 65 శాతం దగ్గర పెట్టుకో. 75 దాటి అక్కడే నిలబడిందంటే బూజు రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

అయితే ఆ అంకె చెప్పే మీటర్‌నే ముందు అనుమానించు. పెట్టెతోపాటు వచ్చే ముల్లు మీటర్లు చాలావరకు అలంకారానికే. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్ళతో తడుపు. ఉప్పు ముద్దగా తడవాలి గానీ కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటర్‌నీ ఒక జిప్‌లాక్ సంచిలో పెట్టి, గాలి చొరకుండా మూసి, ఒక రోజు కదపకుండా ఉంచు. లోపలి తేమ 75 శాతానికి వచ్చి ఆగుతుంది, అది ఉప్పు గుణం. నీ మీటర్ 70 చూపిస్తే అది అయిదు తక్కువ చెబుతోందన్నమాట. అంటే నువ్వు 70 అనుకుని మురిసిపోతున్నప్పుడు లోపల 75 ఉంటుంది! డిజిటల్ మీటర్ కొనుక్కో, దాన్నీ ఇలాగే పరీక్షించు.

నీళ్ళు పోయాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యి. కుళాయి నీళ్ళలోని ఖనిజాలు పెట్టెలో తేమనిచ్చే స్పాంజి రంధ్రాలను పూడ్చేస్తాయి. పెట్టెలో ఇచ్చే ఆ ఆకుపచ్చ ఫోమ్ అంటే నాకు అసలు గిట్టదు, బూజు మొదట అక్కడే కాపురం పెడుతుంది. దాన్ని తీసేసి 65 శాతం తేమ నిలిపే బోవెడా కంపెనీ ప్యాకెట్లు పెట్టుకో. అవి తేమ తక్కువైతే వదులుతాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. పాతిక సిగార్లు పట్టే చోటుకి 60 గ్రాముల ప్యాకెట్ ఒకటి చొప్పున లెక్క వేసుకో. ప్యాకెట్ గట్టిపడగానే మార్చెయ్యి.

కొత్త పెట్టె లోపలి చెక్కని తడిగుడ్డతో తుడవమని ఎవరైనా చెబితే వినకు. ఆవకాయ జాడీలో తడిగరిటె పెట్టినట్టే అవుతుంది. పైగా చెక్క వంకరపోతుంది. దాన్ని స్పానిష్ సీడర్ అంటారు గానీ, అది మన వేప కుటుంబానికి చెందిన చెట్టు. ఖాళీ పెట్టెలో 84 శాతం ప్యాకెట్లు పెట్టి రెండు వారాలు మూసి ఉంచితే, తనకు కావలసిన తేమ అదే తాగుతుంది. ఆ తర్వాత ఆ ప్యాకెట్లు తీసెయ్యడం మర్చిపోకు.

పెట్టెని కిటికీ పక్కన పెట్టకు. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడితే లోపలి గాలి తేమను పట్టి ఉంచలేక మూతకి చెమ్మ పడుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోటూ వద్దు. ఇక గదిలో వేడి 75 ఫారెన్‌హీట్ దాటి చాలా రోజులు ఉంటే పొగాకు పురుగు గుడ్లు పిగిలే ప్రమాదం వేరే ఉంది, దాని గురించి ఇంకోసారి రాస్తాను. పెట్టె కిక్కిరిసేలా నింపకు, సిగార్ల మధ్య గాలి ఆడాలి. అప్పుడప్పుడూ పైవి కిందకీ, కిందవి పైకీ మార్చు. సెలోఫేన్ కవర్లు ఉంటే ఉండనీ, ఒకదానికి పట్టిన బూజు పక్కదానికి తొందరగా అంటదు.

మా తాతకి ఈ గొడవలేవీ లేవు. లంక పొగాకు తెచ్చుకుని, తనే చుట్ట చుట్టుకుని, అప్పటికప్పుడు కాల్చేసేవాడు. దాచేవాడికే ఈ తిప్పలన్నీ.

సిగార్ మీద తెల్లగా కనబడితే అది నూనెలు పైకి తేలిన 'బ్లూమ్' అనీ, మంచి లక్షణమనీ చెప్పేవాళ్ళుంటారు. నమ్మకు. మచ్చలు మచ్చలుగా, నూగులా, ఆకుపచ్చగానో నీలంగానో ఉంటే అది ఖాయంగా బూజే. వెలిగించే కొస చూడు. అక్కడ కూడా ఉంటే లోపలంతా పాకినట్టే, పారెయ్యి. పై ఆకు మీదే కొంచెం ఉంటే తుడిచి కాల్చేవాళ్ళున్నారు. నా మాటకైతే దాన్నీ పారెయ్యి, పది డాలర్ల కోసం ఊపిరితిత్తులతో పందెం ఎందుకు?

మిగిలినవాటిని వేరే డబ్బాలోకి మార్చు. ప్యాకెట్లు, ఫోమ్ అన్నీ పడేసి, 91 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చెక్కని తుడువు. సబ్బు, బ్లీచ్ జోలికి వెళ్ళకు, ఆ వాసన చెక్కని వదలదు. ఆల్కహాల్ వాసన పూర్తిగా పోయేదాకా మూత తీసి ఆరబెట్టు, తొందరపడకు.

సంక్రాంతికి ఇండియా వెళ్తున్నావట కదా. లేనప్పుడు ఎండిపోతాయని వెళ్ళేముందు అదనంగా నీళ్ళు పొయ్యకు, చాలా పెట్టెలకి బూజు పట్టేది అప్పుడే. ప్యాకెట్లు కొత్తవి పెట్టి, మూత వేసి, ధైర్యంగా వెళ్ళిరా.

నీ మామయ్య