మాత్ర నాలుక కింద ఎందుకు పెట్టాలి?

ప్రశ్న: నేను బి.ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఛాతీలో నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని మా తాతయ్యగారికి డాక్టరుగారు ఐసోసార్బైడ్ డైనైట్రేట్ 5 మిల్లీగ్రాముల మాత్రలు రాశారు. మొన్న ఆయన కంగారులో మాత్రను నీళ్లతో మింగేశారు. నొప్పి చాలాసేపటికి గానీ తగ్గలేదు. మింగినా మందు చేరేది రక్తంలోకే కదా, మరి ఈ తేడా ఎందుకు? ఈ మందు గుండె రక్తనాళాలను వెడల్పు చేసి నొప్పి తగ్గిస్తుందని పరీక్షలో రాస్తే సగం మార్కులే వేశారు. నా తప్పేమిటి?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: రక్తంలోకే చేరుతుందమ్మా, కానీ ఏ దారిన చేరుతుందన్నది చూడాలి. పొట్ట నుంచి, పేగుల నుంచి బయలుదేరే రక్తం నేరుగా గుండెకు వెళ్లదు. పోర్టల్ సిర ద్వారా ముందుగా కాలేయానికి వెళుతుంది. కాలేయానికి నిమిషానికి సుమారు ఒకటిన్నర లీటర్ల రక్తం అందితే, అందులో దాదాపు ముప్పాతిక భాగం ఈ దారినే వస్తుంది. తిన్నదాంట్లో పోషకాలేవో, విషాలేవో శరీరమంతటికీ పాకకముందే అక్కడ తేలిపోవాలన్నది ఈ ఏర్పాటు వల్ల కలిగే మేలు. అయితే కాలేయంలోని ఎంజైములకు మందూ పరాయి పదార్థమే కాబట్టి, మింగిన డైనైట్రేటులో చాలా భాగాన్ని అవి ఈ తొలి ప్రయాణంలోనే మార్చివేస్తాయి. మీ పుస్తకంలో ఫస్ట్ పాస్ మెటబాలిజం అని ఉన్నది దీని గురించే. రక్తపోటుకు, గుండె జబ్బులకు వాడే ప్రొప్రనొలాల్‌ను సిరలోకి ఇచ్చేటప్పుడు 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టే వైద్యులు, నోటి ద్వారా పదుల మిల్లీగ్రాములు ఎందుకు రాస్తారో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు అద్దం ముందు నిలబడి నాలుక పైకెత్తి చూడండి. నడుమనున్న సన్నని పట్టీకి అటూ ఇటూ నీలంగా రెండు సిరలు కనిపిస్తాయి. అక్కడి శ్లేష్మ పొర చాలా పలుచన. కరిగిన మందు దాన్ని దాటి ఆ సిరల్లోకి, వాటి నుంచి మెడలోని జుగులర్ సిరలోకి, ఊర్ధ్వ మహాసిర గుండా గుండె కుడివైపు పైగది అయిన కుడి కర్ణికలోకి చేరుతుంది. కాలేయం ఈ దారిలో లేదు. కాబట్టి రెండు నుంచి ఐదు నిమిషాల్లోనే గుణం కనిపిస్తుంది. తాతయ్యగారు మింగిన మాత్ర పూర్తిగా వృథా కాలేదని కూడా చెప్పాలి: కాలేయం దాన్ని మోనోనైట్రేట్లుగా మారుస్తుంది, వాటికీ కొంత శక్తి ఉంది. కాకపోతే అవి అంత చిన్న మోతాదు నుంచి నిదానంగా పుడతాయి, నొప్పి అంతవరకూ ఆగదు. ఐసోసార్బైడ్ మోనోనైట్రేటునే మందుగా ఇస్తే కాలేయంలో అంత నష్టం ఉండదు కాబట్టి, నొప్పి రాకుండా రోజూ వాడే మాత్రగా దాన్ని మింగిస్తారు.

ఇక పరీక్ష సంగతి. మీరు రాసింది అబద్ధం కాదు, కానీ ప్రధాన కారణాన్ని వదిలేశారు. ఏటా ఎందరో విద్యార్థులు ఇక్కడే తడబడటం చూసి బాధ కలుగుతుంది. ఇలాంటి నైట్రేట్ మందుల నుంచి కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై, కణం లోపల సంకేతాలు మోసే సైక్లిక్ జీఎంపీ అనే పదార్థాన్ని పెంచి, రక్తనాళాల గోడల్లోని నునుపు కండరాన్ని సడలిస్తుంది. (నైట్రిక్ ఆక్సైడ్ పాత్రను వెలికితీసిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.) ఈ సడలింపు ధమనుల్లో కన్నా సిరల్లో ఎక్కువ. సిరలు వదులైతే రక్తం వాటిలోనే నిలుస్తుంది, గుండెకు తిరిగి వచ్చేది తగ్గుతుంది, రక్తాన్ని బయటకు తోసే గుండె కింది గది, అంటే జఠరిక, తక్కువగా నిండుతుంది, దాని గోడ మీద ఒత్తిడి తగ్గుతుంది, ఆ మేరకు గుండె కండరానికి కావలసిన ఆక్సిజనూ తగ్గుతుంది. కొవ్వు పేరుకుని గట్టిపడిన ధమనిలో సరఫరా పెంచడం కష్టం. అవసరాన్ని తగ్గించడం సులువు. నడిస్తే వచ్చే మామూలు యాంజైనాలో (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పిలో) ఈ వరుసంతా రాయండి. ధమని బిగుసుకుపోవడం వల్ల వచ్చే రకంలో మాత్రం మీరు రాసిన కారణమే ముఖ్యమైనది.

సిరలు ఇలా వదులవుతాయి కనుకనే మాత్ర పెట్టుకునేటప్పుడు తాతయ్యగారిని కూర్చోబెట్టాలి. నిలబడి ఉంటే రక్తం కాళ్లలోకి దిగి కళ్లు తిరిగి పడిపోవచ్చు. సిల్డెనాఫిల్ (అంగస్తంభన సమస్యకు వాడే మందు) వాడినవారు 24 గంటల లోపు దీన్ని వాడకూడదు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే, ఇంకా చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నైట్రేట్ మాత్ర వేసుకున్న రోగులు తలనొప్పి అంటున్నారు. ఇది అలర్జీయా?
– ఒక నర్సింగ్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: కాదు. తలలోని రక్తనాళాలు కూడా సడలడం వల్ల వచ్చేదే అది. ఇదే కోవకు చెందిన నైట్రేట్ అయిన నైట్రోగ్లిజరిన్‌తో పేలుడు పదార్థాలు తయారుచేసే కర్మాగారాల్లో కార్మికులకు సోమవారం తలనొప్పి వచ్చి, వారం గడిచేకొద్దీ తగ్గి, సెలవు తర్వాత మళ్లీ మొదలయ్యేది. శరీరం మందుకు అలవాటుపడి, రెండు రోజుల విరామంలో ఆ అలవాటు పోయేదన్నమాట. తలనొప్పి తగ్గినట్లే రోగి గుండె మీద గుణమూ తగ్గిపోతుంది కాబట్టి, చర్మం మీద అంటించే నైట్రేట్ పట్టీని రాత్రి పూట తీసేయిస్తారు. వార్డులో ఆ పట్టీ తీసిన వేళను తప్పకుండా నమోదు చేయండి.