ఏళ్ల తరబడి విన్న రాక్ బ్యాండ్‌ను మొదటిసారి లైవ్‌లో చూడబోతున్నా. ఎక్కడ నిలబడాలి, ఆ రాత్రి గుర్తుండాలంటే ఏం చేయాలి?

ముందు వరస మీద ఆశ వదులుకోండి. అభిమానికి మింగుడుపడని మాటే. కానీ మీరు ఇన్నేళ్లూ ప్రేమించింది ఆ బ్యాండ్ చేసే శబ్దాన్నయితే, అది అన్నిచోట్లకన్నా అధ్వానంగా వినపడేది స్టేజీ కాళ్ల దగ్గరే.

పైన వేలాడదీసే స్పీకర్ల గురి దూరంగా ఉన్న జనం మీద ఉంటుంది. ముందు వరసల నెత్తి మీదుగా ఆ శబ్దం వెళ్లిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి స్టేజీ అంచున చిన్న స్పీకర్లు పెడతారు గానీ, డ్రమ్స్ నేరుగా చెవిలో పడుతూ, మోకాళ్ల దగ్గర సబ్‌వూఫర్లు (బేస్, అంటే లోతైన శబ్దం వినిపించే పెద్ద స్పీకర్లు) అదరగొడుతుంటే పాడేవాళ్ల గొంతు వాటికింద నలిగిపోతుంది. ఎడమ పక్కకి చేరితే అటువైపు గిటారే మోగుతుంది, కుడివైపు రెండో గిటార్ ఉందన్న సంగతే తెలియదు.

జనం మధ్యలో కంచె కట్టి మిక్సర్ (అన్ని వాద్యాల, గొంతుల శబ్దాన్నీ కలిపి సర్దే బల్ల) పెడతారు చూడండి, అక్కడికి వెళ్లండి. సౌండ్ ఇంజనీరు తన చెవికి ఏది నప్పితే దాన్నిబట్టే అన్నీ సర్దుతారు కాబట్టి ఆ చుట్టుపక్కల వినపడేదే అసలు మిక్స్. కంచెకి ముందువైపు వీపు ఆనించి నిలబడితే ఇంకో లాభం, వెనకనుంచి తోసేవాళ్లుండరు. అక్కడ బేస్ మరీ గుమ్మెత్తిపోతుంటే రెండు మూడు అడుగులు పక్కకి జరగండి. కుడి ఎడమ సబ్‌వూఫర్ల శబ్దం నడిమధ్య గీత మీద ఒకే క్షణంలో కలిసి పోగుపడుతుంది. పక్కకి జరిగితే తగ్గుతుంది. హాల్లో అయితే బాల్కనీ కిందా, వెనక గోడ పక్కనా వద్దు. బాల్కనీ కింద గొంతులో పదును పోతుంది, గోడ దగ్గర బేస్ ఉబ్బుతుంది. స్టేడియంలో బాగా వెనక ఉంటే డ్రమ్మర్ చేతికీ వినపడే దెబ్బకీ పొంతన కుదరకపోవచ్చు. శబ్దం సెకనుకి 343 మీటర్లే ప్రయాణిస్తుంది మరి. స్టేజీ నుంచి 100 మీటర్లు రావాలంటే దానికి దాదాపు 0.3 సెకను పడుతుంది.

మొదటి రెండు పాటలు విని సౌండ్ బాగోలేదని తీర్మానించకండి. సౌండ్‌చెక్, అంటే షోకి ముందు శబ్దం సరిచూసుకోవడం, ఖాళీ హాల్లో చేస్తారు. జనం నిండాక ఒళ్లూ బట్టలూ ట్రెబుల్‌ని (సన్నని, పదునైన శబ్దాన్ని) పీల్చేస్తాయి, ఇంజనీరు మళ్లీ సర్దుకోవాలి.

ఇయర్‌ప్లగ్స్ దగ్గర మొహమాటం వద్దు. రాక్ షోలో 100 డెసిబెల్స్ దాటడం మామూలే. పని చేసే చోట్ల కోసం అమెరికా సంస్థ నియోష్ ఇచ్చిన లెక్క ఏమిటంటే, 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఫరవాలేదు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర 15 నిమిషాలే. (1976లో లండన్‌లోని చార్ల్‌టన్ మైదానంలో 'ది హూ' బ్యాండ్ 126 డెసిబెల్స్‌తో గిన్నిస్ రికార్డు కొట్టింది. చెవులు పోగొట్టుకునే పోటీని ప్రోత్సహించినట్టవుతుందని ఆ తర్వాత గిన్నిస్ వాళ్లు ఆ విభాగాన్నే ఎత్తేశారు.)

స్పాంజి ప్లగ్స్ ట్రెబుల్‌ని ఎక్కువగా కోసేస్తాయి, అందుకే పాట దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. సంగీతం కోసం చేసిన సిలికాన్ రకం అన్ని స్థాయిల్నీ దాదాపు సమానంగా 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గిస్తుంది, పాట రూపం చెడదు. దొరికింది స్పాంజి రకమే అయితే సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దోపి, ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో అదిమి పట్టండి. మాట్లాడి చూస్తే మీ గొంతు మీకే కుండలోంచి వచ్చినట్టు వినపడాలి. లేదంటే సరిగ్గా కూర్చోలేదని అర్థం. చెవి నొప్పెట్టాక పెట్టుకుందామనుకోకండి, మొదట వాయించే బ్యాండ్ నుంచే ఉండాలి. షో తర్వాత చెవిలో గుయ్యిమంటే చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఒక చెవి మందగించి అలాగే ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా చెవి డాక్టర్‌కి చూపించాలి.

ముందుకు వెళ్లే తీరతానంటే ఇది తెలుసుకునే వెళ్లండి. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఫెస్టివల్లో పెర్ల్ జామ్ బ్యాండ్ వాయిస్తుండగా తొక్కిడిలో 9 మంది చనిపోయారు. అలాంటి ఒత్తిడిలో ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా ఛాతీ కదలక, ఊపిరి ఆడక. నలువైపులా ఒళ్లు ఆనుతూ, మీ ప్రమేయం లేకుండా అడుగులు పడుతుంటే పాట సగంలో ఉన్నా బయటపడండి. చేతులు ఛాతీ ముందు బాక్సర్‌లా మడిచి, ఒక కాలు ముందుకి పెట్టి, తోపుకి ఎదురు తిరగకుండా అది కాస్త సడలినప్పుడల్లా ఏటవాలుగా అంచువైపు జరగాలి.

పాటలు రికార్డులో ఉన్నట్టే ఉంటాయనుకోవద్దు. వయసు మీదపడ్డ గాయకుల కోసం చాలా బ్యాండ్లు అర స్వరం దించి వాయిస్తాయి. హుషారులో లయ కూడా పెరుగుతుంది. వాళ్ల ఈమధ్య లైవ్ రికార్డింగ్ ఒకటి ముందే వింటే ఆ తేడా కంగారు పెట్టదు. ఆఖరి పాట అయ్యాక హాల్లో దీపాలు వెలగకపోతే కదలకండి, ఎన్‌కోర్ (వెళ్లినట్టే వెళ్లి మళ్లీ వచ్చి వాయించే పాటలు) మిగిలుంది. దీపాలు వెలిగి, స్పీకర్లలో ఏదో రికార్డు పాట మొదలైందా, అయిపోయినట్టే.

ఇక జ్ఞాపకం సంగతి. లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన మ్యూజియం ప్రయోగంలో, ఫొటో తీసిన వస్తువులకన్నా ఊరికే చూసినవే జనానికి బాగా గుర్తున్నాయి. ఒక భాగాన్ని ఎంచుకుని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనిపించలేదు. కాబట్టి ఒక్క పాట ముందే ఎంచుకుని అదొక్కటే తీసి ఫోన్ జేబులో పెట్టేయండి. చీకటిని చూసి ఫోన్ వెలుగు పెంచేస్తుంది, దాంతో మొహాలు తెల్లముద్దలవుతాయి. తెర మీద గాయకుడి మొహాన్ని నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వెలుగు దించండి. ఫ్లాష్ వెలుగు మీ ముందున్న తలల మీదే పడుతుంది, స్టేజీ దాకా పోదు.

ఆ రాత్రి నిద్రపోయే ముందు పది నిమిషాలు వాయిస్ నోట్ చెప్పుకోండి. పాటల వరస చెప్పి టైమ్ వృథా చేయొద్దు, అది మర్నాటికి సెట్‌లిస్ట్ సైట్లలో ఉంటుంది. ఎవరు ఏ పక్క నిలబడ్డారు, పాటల మధ్య ఏమన్నారు, ఏ పాట తప్పు మొదలుపెట్టి ఆపారు, ఏ సోలో సాగదీశారు, ఏ చరణం జనానికి వదిలేశారు, ఇవి చెప్పండి.