క్యాన్యులా దగ్గర ఎరుపెక్కితే?

ప్రశ్న: గుంటూరులో ఆసుపత్రిలో ఉన్న మా అమ్మగారికి, సెలైన్ కోసం చేతికి పెట్టిన గులాబీ రంగు క్యాన్యులా చుట్టూ ఎర్రబడి నొప్పి పెడుతోంది. సూది లోపలే ఉండిపోవడం వల్లనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట

జవాబు: సూది లోపల ఉండదండీ. రక్తనాళంలోకి దారి చేశాక దాన్ని వెనక్కి లాగేస్తారు; మిగిలేది మెత్తని ప్లాస్టిక్ గొట్టమే. గులాబీ రంగు 20 గేజ్‌కు (గేజ్ అంటే గొట్టం లావును తెలిపే కొలత) గుర్తు. సంఖ్య పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది కనుక పసిపిల్లలకు సాధారణంగా పసుపు రంగుదైన 24 గేజ్ వాడతారు.

మీరు చెప్పిన లక్షణాలు సిర వాచిందనడానికి సూచన కావచ్చు. గొట్టం రాపిడి, మందు ఘాటు, సూక్ష్మజీవులు, వీటిలో ఏదైనా అందుకు కారణం కావచ్చు. మళ్లీ గుచ్చుతారన్న భయంతో పెద్దవాళ్లు నొప్పిని దాచిపెడుతుంటారు. అది మంచిది కాదు. వెంటనే నర్సుకు చూపిస్తే, అవసరాన్నిబట్టి ఆ క్యాన్యులాను తీసి మరోచోట కొత్తది పెడతారు. జ్వరం, చలి, చీము కనిపిస్తే డాక్టరుగారికి తప్పక చెప్పండి.