డాలస్ మావెరిక్స్ సీజన్లు: ప్రతి ఏడాదినీ ఆఖరి మ్యాచ్ నుంచి చదవండి

మీరు అడిగింది ఇది: హైదరాబాద్ నుంచి డాలస్ పక్కనున్న ఫ్రిస్కో వచ్చి ఆరు నెలలయింది. బడిలో పిల్లలంతా డాలస్ మావెరిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు గురించి మాట్లాడుతుంటే పదేళ్ళ మీ బాబుకి ఏమీ అర్థం కావడం లేదు. సీజన్ల వారీ పట్టిక తీసి చూస్తే అంకెలు తప్ప కథ కనిపించలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, పుట్టినరోజుకి ఏ జెర్సీ కొనాలి?

నేను 2005 ఆగస్టులో ఇక్కడే డాలస్ పక్కనున్న ఇర్వింగ్ వచ్చాను. మాది గుడివాడ. అప్పటిదాకా నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. అపార్ట్‌మెంట్లో నలుగురం తెలుగువాళ్ళం ఉండేవాళ్ళం. మాలో ఒకతను ముందు నుంచీ ఇక్కడే చదువుకున్నవాడు కావడంతో మ్యాచ్ ఉన్న ప్రతి సాయంత్రం మావ్స్ (మావెరిక్స్‌ని ఇక్కడ అలాగే అంటారు) ఆట పెట్టేవాడు. అన్నం తింటూ చూడడం అలా అలవాటైంది. ఈ ఇరవై ఏళ్ళలో ఒక్క సీజన్ కూడా వదల్లేదు. కాబట్టి నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు ఆ పట్టిక ఎలా చదవాలో చెప్పనివ్వండి. మామూలుగా ఎన్‌బీఏలో, అంటే ఇక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్‌లో, ఒక్కో జట్టు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా 82 మ్యాచ్‌లు ఆడుతుంది. 57-25 అంటే 57 గెలిచి 25 ఓడారని. ఆ తర్వాత ప్లేఆఫ్స్. నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండులో ఒకే జట్టుతో ఏడు మ్యాచ్‌ల వరకూ ఆడాలి, ముందు నాలుగు గెలిచినవాళ్ళు పైకి వెళతారు. మన ఐపీఎల్ ప్లేఆఫ్స్ వారంలో ముగిసిపోతాయి, ఇక్కడ రెండు నెలలు నడుస్తాయి. అందుకే మావ్స్ పట్టికలో గెలుపుల గడి మాత్రమే చూస్తే పొరబడతారు. అందరికంటే ఎక్కువగా 67 మ్యాచ్‌లు గెలిచిన ఏడాది ఈ ఊరు తల దించుకుంది. కప్పు వచ్చిన ఏడాది గెలిచినవి 57. ప్రతి సీజన్నూ దాని ఆఖరి మ్యాచ్ నుంచి వెనక్కి చదవండి, అప్పుడు కథ కనిపిస్తుంది.

నేను చూడని తొలి రోజుల గురించి క్లుప్తంగా చెబుతాను. జట్టు 1980లో పుట్టింది. మొదటి సీజన్ 15-67. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, మార్క్ అగ్వైర్, రొలాండో బ్లాక్‌మన్ వచ్చాక మెల్లగా నిలబడ్డారు. 1984లో తొలిసారి ప్లేఆఫ్స్ చేరారు. అప్పట్లో మొదటి రౌండుకి ఐదు మ్యాచ్‌లే. సియాటిల్‌తో తేల్చుకోవాల్సిన ఆ ఐదో మ్యాచ్ నాటికి వాళ్ళ సొంత స్టేడియం టెన్నిస్ పోటీలకి ఇచ్చేసి ఉంది. దాంతో ఒక యూనివర్సిటీ ఆవరణలోని చిన్న మూడీ కొలీజియంలో ఆడి, ఓవర్‌టైమ్‌లో (స్కోరు సమమైతే ఆడించే అదనపు సమయంలో) ఒక్క పాయింటుతో గెలిచారు. మా ఆఫీసులో రిటైరైపోయిన ఒక పెద్దాయన ఆ రోజు లోపల ఉన్నారట. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఉక్కపోత గురించి చెబుతున్నా ఆయన ముఖం వెలిగిపోయేది. 1988లో లేకర్స్‌తో వెస్ట్ ఫైనల్ (లీగ్‌లో పడమటి సగం జట్ల ఫైనల్) ఏడో మ్యాచ్ దాకా వెళ్ళి ఓడిపోయారు.

తొంభైల గురించి బాబుకి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1992-93లో 11-71, ఆ తర్వాతి ఏడాది 13-69. 1990 తర్వాత వరుసగా పది సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. జేసన్ కిడ్ అనే కుర్రాణ్ణి 1994లో తెచ్చుకుని, రెండేళ్ళకే పంపించేశారు. ఈ పేరు మాత్రం గుర్తుపెట్టుకోమనండి, మళ్ళీ వస్తుంది.

అసలు కథ 1998లో మొదలైంది.  డ్రాఫ్ట్‌లో కిందటి ఏడాది అట్టడుగున ఉన్న జట్లకి ముందు వంతులు దక్కే అవకాశం ఎక్కువ. కోచ్ డాన్ నెల్సన్ తన వంతుని మిల్వాకీకి ఇచ్చి, జర్మనీ నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ డిర్క్ నోవిట్స్కీని తెచ్చుకున్నాడు. అదే వేసవిలో ఫీనిక్స్ నుంచి స్టీవ్ నాష్ కూడా వచ్చాడు. డిర్క్ ఏడడుగుల మనిషి. అంత పొడుగువాళ్ళు బుట్ట కింద నిలబడి ఆడే రోజుల్లో, దూరం నుంచి, ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ వేసేవాడు. ఆ షాట్‌ని ఆపడం ఎవరికీ చేతయ్యేది కాదు. 2000 జనవరిలో మార్క్ క్యూబన్ జట్టుని కొన్నాడు. ఆ మరుసటి సీజన్ నుంచి వరుసగా పదకొండేళ్ళు 50కి తక్కువ కాకుండా గెలిచారు. 2004లో నాష్ మళ్ళీ ఫీనిక్స్ వెళ్ళిపోయి, అక్కడ వరుసగా రెండేళ్ళు లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. డిర్క్ ఇక్కడే ఉండిపోయాడు.

నేను వచ్చింది ఆ సమయానికి. 2006 మే నెలలో శాన్ ఆంటోనియోతో ఏడో మ్యాచ్. ఆఖర్లో మూడు పాయింట్లు వెనకబడి ఉండగా డిర్క్ బుట్ట దాకా దూసుకెళ్ళి, ఫౌల్ అవుతున్నా వేసి, దానికి దక్కిన ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుపడకుండా వేసే షాట్) కూడా వేసి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో గెలిచాం. మేం నలుగురం ఎగిరిన ఎగురుడికి కింది ఇంటాయన పైకొచ్చి తలుపు కొట్టాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాం, కౌగిలించుకున్నాడు. ఈ ఊళ్ళో నాకు దొరికిన మొదటి కౌగిలి అదే.

ఆ ఏడాది ఫైనల్ మయామీ హీట్‌తో. మొదటి రెండూ గెలిచాం. మూడో మ్యాచ్‌లో ఆరున్నర నిమిషాలు మిగిలి ఉండగా 13 పాయింట్లు ముందున్నాం. అక్కణ్ణుంచి జారిపోయింది, రెండు పాయింట్లతో ఓడాం. ఐదో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింటుతో పోయింది. ఆ రాత్రి మయామీ ఆటగాడు డ్వేన్ వేడ్ ఒక్కడికే 25 ఫ్రీ త్రోలు ఇచ్చారు, మా జట్టు మొత్తానికీ కలిపి ఇచ్చినవీ 25. దీని మీద ఇప్పటికీ ఇక్కడ వాదనలు జరుగుతాయి. నా మటుకు నేను రిఫరీలని అనను. మూడో మ్యాచ్‌లో 13 పాయింట్లు కాపాడుకోలేకపోవడమే అసలు దెబ్బ. వరుసగా నాలుగు ఓడి, ఆఖరిది సొంత గడ్డ మీదే ఓడి, కప్పు పోగొట్టుకున్నారు.

తర్వాతి ఏడాది కసిగా ఆడి 67-15. ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండు ఎనిమిదో స్థానంలో ఉన్న గోల్డెన్ స్టేట్‌తో. వాళ్ళ కోచ్ ఎవరనుకున్నారు? డాన్ నెల్సన్. ఇల్లు కట్టిన మేస్త్రికి ఏ గోడ ఎక్కడ బలహీనమో తెలియదా? డిర్క్‌ని ఎలా కట్టేయాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 4-2తో ఇంటికి పంపించాడు. ఏడు మ్యాచ్‌ల మొదటి రౌండులో ఎనిమిదో జట్టు ఒకటో జట్టుని ఓడించడం అదే తొలిసారి. ఓక్లాండ్‌లో ఆఖరి మ్యాచ్ అయ్యాక డిర్క్ కోపంతో చెత్తబుట్ట విసిరితే గోడకి కన్నం పడింది. తర్వాత కొద్ది రోజులకే లీగ్ ఉత్తమ ఆటగాడి బహుమతి అందుకోవడానికి సూటు వేసుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ ఫొటోలో అతని కళ్ళు చూడండి. పెళ్ళి పందిట్లో ఏడవకూడదని ఆపుకుంటున్న మనిషిలా ఉంటాడు. ఆ వేసవి చాలామంది ఇక డిర్క్‌ని అమ్మేయాలన్నారు. నాయకత్వం లేదన్నారు, మెత్తటివాడన్నారు.

ఆ తర్వాత మూడేళ్ళూ అంతే. 51, 50, 55 గెలుపులు, రెండో రౌండు దాటింది లేదు. 2008లో జేసన్ కిడ్‌ని మళ్ళీ తెచ్చారు, కోచ్‌గా రిక్ కార్లైల్ వచ్చాడు.

ఇక 2011. మా అబ్బాయి ఆ మార్చిలో పుట్టాడు. పురుడు పోయడానికి అత్తయ్యగారు గుడివాడ నుంచి వచ్చి ఉన్నారు. మావ్స్ 57-25తో ప్లేఆఫ్స్‌లోకి వెళ్ళారు, ఎవరికీ పెద్దగా ఆశల్లేవు. పోర్ట్‌లాండ్‌తో నాలుగో మ్యాచ్‌లో 23 పాయింట్ల ఆధిక్యం వదిలేసి ఓడినప్పుడు, ఇంక ఇంతేలే అనుకుని టీవీ కట్టేశాను. తర్వాత ఆ జట్టుని 4-2తో గెలిచారు. అంతకు ముందు రెండేళ్ళూ కప్పు గెలిచిన లేకర్స్‌ని 4-0తో ఊడ్చేశారు. ఓక్లహోమాతో మొదటి మ్యాచ్‌లో డిర్క్ 48 పాయింట్లు వేశాడు, 24 ఫ్రీ త్రోలకి 24.

ఫైనల్లో మళ్ళీ మయామీ. ఈసారి వేడ్ పక్కన లెబ్రాన్ జేమ్స్, క్రిస్ బాష్. మొదటిది ఓడాం. రెండో దాంట్లో ఏడు నిమిషాలు మిగిలి ఉండగా 15 పాయింట్లు వెనకబడ్డాం. అక్కణ్ణుంచి లేచి, ఎడమ చేతి వేలి స్నాయువు తెగి ఉన్న డిర్క్ అదే ఎడమ చేత్తో ఆఖరి షాట్ వేసి గెలిపించాడు. 2006లో మేం పోగొట్టుకున్నది సరిగ్గా ఇలాంటి మ్యాచే, అది మళ్ళీ చేతికొచ్చినట్టనిపించింది.

నాలుగో మ్యాచ్‌కి డిర్క్‌కి 101 డిగ్రీల జ్వరం. విరామంలో తువ్వాలు కప్పుకుని దగ్గుతూ కూర్చున్నాడు. బాబుని ఒళ్ళో వేసుకుని చూస్తున్న అత్తయ్యగారు, "అంత జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి ఆడిస్తున్నారేమిటి బాబూ, వాళ్ళమ్మ ఏమైపోవాలి?" అన్నారు. ఆవిడకి ఆట తెలియదు, ఆ రోజు నుంచి మాత్రం మాతోపాటు కూర్చున్నారు. జూన్ 12, ఆదివారం ఆరో మ్యాచ్. మొదటి సగంలో డిర్క్ 12 షాట్లకి ఒక్కటే వేశాడు. జేసన్ టెర్రీ 27 పాయింట్లతో జట్టుని మోశాడు. 2006లో ఓడిన ఆ జట్టులోంచి మిగిలింది వీళ్ళిద్దరే. 105-95. గంట మోగేలోపే డిర్క్ బల్ల దాటుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఏడవడానికి వెళ్ళాడని తర్వాత తెలిసింది. మా ఇంట్లో ఆ గంట మోగే సమయానికి అందరం ఏడుస్తూనే ఉన్నాం.

ఆ గురువారం డౌన్‌టౌన్‌లో ఊరేగింపు. ఆఫీసుకి సెలవు పెట్టి ఇర్వింగ్ నుంచి రైలెక్కి వెళ్ళాను. ఊపిరాడని జనం, మాడిపోయే ఎండ. పక్కనున్నవాళ్ళెవరో నా పేరు కూడా అడక్కుండా నీళ్ళ సీసా చేతిలో పెట్టారు.

ఆ తర్వాతి పదేళ్ళూ త్వరగా దాటేయొచ్చు. గెలిచిన జట్టుని వెంటనే విడగొట్టారు, ముఖ్యంగా టైసన్ చాండ్లర్‌ని పోనివ్వడం నాకు ఇప్పటికీ తప్పనే అనిపిస్తుంది. 2011 తర్వాత మళ్ళీ ఒక ప్లేఆఫ్స్ రౌండు గెలవడానికి 2022 దాకా పట్టింది. ఈ మధ్యలో మీ బాబుకి నచ్చే సంగతి ఒకటుంది. 2015 డ్రాఫ్ట్‌లో మావ్స్ 52వ వంతులో పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ని తీసుకున్నారు. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. పెద్ద లీగ్‌లో ఆడలేదు గానీ, మీ ఫ్రిస్కోలోనే మావ్స్‌కి అనుబంధంగా చిన్న లీగ్‌లో ఉన్న టెక్సస్ లెజెండ్స్ జట్టుకి ఆడాడు. మా వాణ్ణి తీసుకెళ్ళి చూపించాను. ఏడడుగుల రెండంగుళాల మనిషి నడిచొస్తుంటే వాడు నా వేలు గట్టిగా పట్టుకున్నాడు. లెజెండ్స్ మ్యాచ్‌లు దగ్గరగా కూర్చుని చూడొచ్చు, టికెట్టు కూడా భారం కాదు. ముందు అక్కడికే తీసుకెళ్ళండి.

2019 ఏప్రిల్ 9న డిర్క్ సొంత గడ్డ మీద ఆఖరి మ్యాచ్ ఆడాడు. 30 పాయింట్లు వేశాడు. ఒకే జట్టుకి 21 సీజన్లు, అంతకు ముందు లీగ్‌లో ఎవరూ ఆడలేదు. అప్పటికే లూకా డాంచిచ్ వచ్చేశాడు. 2018 డ్రాఫ్ట్ రాత్రి అట్లాంటాతో మార్పిడి చేసి తెచ్చుకున్న స్లొవేనియా కుర్రాడు. 2022లో ఫీనిక్స్‌తో ఏడో మ్యాచ్ మీ బాబుతో కలిసి తప్పకుండా చూడండి. సగం ఆట అయ్యేసరికి లూకా ఒక్కడే 27 పాయింట్లు, ఫీనిక్స్ జట్టు మొత్తం కలిపి 27. అప్పటి కోచ్ ఎవరో తెలుసా? అదే జేసన్ కిడ్. 2024లో ఫైనల్ చేరి బోస్టన్ చేతిలో 4-1తో ఓడారు.

2025 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగడం మొదలైంది. లూకాని లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథోనీ డేవిస్‌ని తీసుకున్నారని. ఆ వార్త రాసిన రిపోర్టర్ ఖాతాని ఎవరో హ్యాక్ చేశారనుకున్నాం. పొద్దున్న మా వాడికి ఎలా చెప్పాలో తెలియలేదు. 25 ఏళ్ళ కుర్రాణ్ణి, ఫైనల్‌కి తీసుకెళ్ళి ఏడాది తిరగనివాణ్ణి, ఎందుకు ఇచ్చేశారో అప్పుడు చెప్పిన ఏ కారణమూ నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. జనం స్టేడియం బయటున్న డిర్క్ విగ్రహం దగ్గర పూలు పెట్టి వెళ్ళారు. ఏప్రిల్ 9న లూకా లేకర్స్ జెర్సీలో ఇక్కడికి వచ్చి, జట్టు వేసిన వీడియో చూసి ఏడ్చి, 45 పాయింట్లు వేశాడు. డిర్క్ వీడ్కోలుకి సరిగ్గా ఆరేళ్ళ తర్వాత, అదే తేదీన. ఆ సీజన్ 39-43. తర్వాత డ్రాఫ్ట్ వంతులు తేల్చే లాటరీలో 1.8 శాతం అవకాశంతో మొదటి వంతు దొరికి, 18 ఏళ్ళ కూపర్ ఫ్లాగ్ వచ్చాడు. మీ బాబు తరగతిలో అందరూ మాట్లాడుతున్నది ఇతని గురించే అయి ఉంటుంది.

ఇక జెర్సీ సంగతి. ఫ్లాగ్‌ది 32, బాబు అదే కావాలంటే కాదనకండి. నన్నడిగితే మాత్రం డిర్క్ 41 కొనండి. 2022 జనవరిలో ఆ అంకెను స్టేడియం పైకప్పుకి ఎక్కించారు, ఇక ఆ జట్టులో ఎవరికీ ఇవ్వరు. మా వాడి లూకా 77 ఇంకా బీరువాలోనే ఉంది. తీసి ఎవరికైనా ఇచ్చేద్దామా అని వాళ్ళమ్మ ఒకసారి అడిగింది. వాడు వద్దన్నాడు, నేనూ వద్దన్నాను.